గుడ్డ విప్పని ట్రే మీద చప్పుడు

దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఆపరేషన్ థియేటర్లో పనిచేసే నర్సు అలాంటివి నమ్మితే ఇక డ్యూటీ చేసినట్టే. అయినా ఇది రాస్తున్నానంటే, ఆ రోజు థియేటర్లో ఉన్న అందరమూ విన్నాం కాబట్టి.

మాది సికింద్రాబాద్‌లో ఓ మాదిరి ఆస్పత్రి. నాకంటే ముందు పెద్ద సర్జన్ గారి పక్కన నిలబడి పరికరాలు అందించింది మెర్సీ సిస్టర్. మల్కాజ్‌గిరిలో ఉండేది. పోయిన వానాకాలం గుండెపోటుతో పోయింది. పోయినోళ్లందరూ మంచోళ్లే అంటారు. ఈవిడను బతికుండగానే అనేవారు. నాకు అప్పటినుంచే కడుపుమంట.

పేగు ఆపరేషన్లో గాయానికి చీము పట్టడం చాలా సులువు. పేగులోని మురికి మా చేతులకీ, కత్తెరలకీ అంటుతుంది. వాటితోనే పొట్ట మూసేస్తే ఆ మురికిని లోపల పెట్టి కుట్టినట్టే. అందుకే పేగు పని అవగానే అందరం గ్లవ్స్ మార్చుకుని, విడిగా పెట్టిన శుభ్రమైన ట్రే తీస్తాం. ఆ సమయం వచ్చిందని మెర్సీ సిస్టర్ నోటితో చెప్పేది కాదు. ముందుగా తన గ్లవ్స్ మార్చుకుని, కొత్త ట్రే గుడ్డ విప్పి, అందులోని ఫోర్సెప్స్‌తో, అంటే స్టీలు పట్టకారుతో, ట్రే అంచు మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టేది. సర్జన్ గారు ఎక్కడివారక్కడ ఆగిపోయేవారు.

ఆమె పోయాక ఆ చోటు నాకొచ్చింది. నేను కొట్టలేదు. "సార్, గ్లవ్స్" అని చెప్పేదాన్ని. ఆమె అలవాటు నాకెందుకు? అయినా సర్జన్ గారు మాటకు ముందు "మెర్సీ ఉన్నప్పుడు" అని మొదలుపెట్టేవారు.

ఈ ఎండాకాలం మా చిన్నమ్మకు పేగులో గడ్డ తేలింది. నేరేడ్‌మెట్‌లో నన్ను పెంచింది ఆవిడే. షుగర్ కూడా ఉంది. గాయం చీము పడితే మనిషి దక్కడం కష్టమని సర్జన్ గారు ముందే చెప్పారు. సొంతమనిషి కదా, వేరే నర్సును పెడతానన్నారు. నేనే ఉంటానని పట్టుబట్టాను. స్ట్రెచర్ మీద చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా?

"ఆ మెర్సమ్మ ఉంటే నాకు జెర ధైర్యముంటుండె బిడ్డా."

ఆవిడ గర్భసంచి ఆపరేషన్‌కు ఉన్నది మెర్సీయే లెండి. నాకు ఏడుపొచ్చింది, భయంతో మాత్రం కాదు.

గడ్డ తీయడం బాగానే జరిగింది. పేగు కలిపి కుట్టేసరికి బీపీ పడిపోయింది. మత్తు డాక్టర్ "తొందరగా మూసేయండి సార్" అన్నారు. సర్జన్ గారు చెయ్యి చాపారు. నేను సూదీ దారం ఆయన చేతిలో పెట్టబోయాను. గ్లవ్స్ సంగతి ఆయనకూ గుర్తు లేదు, నాకూ లేదు.

టక్ టక్.

సర్జన్ గారి చెయ్యి గాల్లోనే ఆగింది. "అవును మెర్సీ" అన్నారు అలవాటుగా. తర్వాత నావైపు చూశారు. నా చేతుల్లో సూదీ దారమే ఉన్నాయి. మత్తు డాక్టర్ లేచి నిలబడ్డారు. గ్లవ్స్ మార్చుకున్నాం.

శుభ్రమైన ట్రే నా వెనక గోడవారగా ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. రెండు పొరల గుడ్డలో చుట్టి ఉంది, అంటించిన టేపు కూడా చిరగలేదు. గుడ్డ మీద కొడితే మెత్తటి చప్పుడు రావాలి. మేం విన్నది స్టీలు మీద స్టీలు తగిలిన చప్పుడు. తర్వాత ఏసీ పైపు చూశాం, పక్క గది చూశాం. ఏమీ దొరకలేదు.

చిన్నమ్మ గాయం చుక్క చీము లేకుండా ఆరింది. దగ్గరుండి అన్నం తినిపించింది నేను, షుగర్ చూసింది నేను. ఆవిడ మాత్రం థియేటర్ వాళ్లు చెప్పింది విని, చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ "సచ్చి సుత మెర్సమ్మనే నన్ను బతికిచ్చింది" అని చెప్పుకుంటోంది.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. భయం వేయలేదు. అసూయ కలిగింది, ఇంకా పోలేదు. ఇప్పుడు నేనూ ట్రే మీద రెండుసార్లు కొడుతున్నాను. సర్జన్ గారు తలెత్తకుండానే చేతులు చాపి "థాంక్యూ మెర్సీ" అంటారు.

ఏం చేస్తాను, కొత్త గ్లవ్స్ తొడుగుతాను.