గుడ్ ఫ్రైడే నాడు వద్దన్న రక్తం

ఇది రాయక తప్పదు. మా పాపకు తలసీమియా. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ ఓ నెగటివ్ గ్రూపు. రక్తమివ్వబోయి ఒకసారి వద్దనిపించుకున్న దాతల్లో చాలామంది మళ్లీ బ్లడ్ బ్యాంకు గుమ్మం తొక్కరు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదువుతారని ఆశ.

నేను పదో తరగతితో ఆపేసి పత్తి మిల్లులో చేరినవాణ్ణి. జబ్బు పేరు తెలిసినప్పటి నుంచి శాఖా గ్రంథాలయంలో వైద్యం పుస్తకం ఒక్కటీ వదల్లేదు. హిమోగ్లోబిన్ ఏం పని చేస్తుందో ఎవరికైనా విడమరిచి చెప్పగలను. ఈ వానాకాలం మాత్రం చదివిందేదీ అక్కరకు రాలేదు. ఊళ్లన్నీ జ్వరాలు, రక్తమిచ్చేవాళ్లు కరువు. గుంటూరులో ఏ బ్లడ్ బ్యాంకుకు వెళ్లినా మా గ్రూపు లేదన్నారు. పాప మంచం దిగి గడప దాకా వచ్చేసరికి ఆయాసపడుతోంది.

మా ఊళ్లో ఆ గ్రూపు రక్తం ఉన్నవాడని నాకు తెలిసింది ఒక్కడే. మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. వానలకు ముందు, గుడ్ ఫ్రైడే నాడు చర్చి ఆవరణలో రక్తదాన శిబిరం పెట్టారు. నలభై రోజులుగా ఒంటిపూట తింటూ, ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆరాధనలో కూర్చుని, లేచి నేరుగా వెళ్లి వరుసలో నిలబడ్డాడు. వేలు గుచ్చి చూసి, రక్తం తక్కువగా ఉంది, మందులు వాడి మూడు నెలల తర్వాత రమ్మన్నారు. ఉపవాసం లేనివాళ్లు మోచేతికి దూది పెట్టుకుని బయటికొస్తుంటే, ఇతను ఉత్త చేత్తో వచ్చాడు. ఊరంతా చూసింది.

ఇప్పుడు పాపకు రక్తం దొరక్క నేను వాళ్లింటికి వెళ్లాను.

“నా నెత్తురు పనికిరాదన్నారుగా అన్నా,” అన్నాడు తల తిప్పుకుని. “టీ కొట్టు కాడ రోజూ అదే. ‘ఏరా, నిన్ను దోమలన్నా కుడుతున్నాయా?’ అంటారు.”

వాళ్లమ్మ చేట పక్కన పెట్టింది. “వీడికేదో పెద్ద జబ్బని పుకారు పుట్టించారయ్యా. పిల్లనిస్తామన్నోళ్లు మళ్లీ ఇటు తొంగి చూళ్లేదు.”

తిండి తగ్గితే ఒంట్లో ఇనుము తగ్గుతుందని, తింటే మళ్లీ పుంజుకుంటుందని, అది అంటుజబ్బు కాదని చదివినదంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, “ఊరి నోరు మూయించే మందు గూడా ఆ పుస్తకాల్లో ఉందా?” అంది.



“మళ్లీ వద్దంటే?” అన్నాడతను.

“ఎందుకు వద్దంటున్నారో నీ ఎదుటే అడుగుతాను తమ్ముడూ. నాకు పోవడానికి ఇంకో ఇల్లు లేదు.”

“పాప ఎట్టా ఉంది?”

“నాన్నా అని పిలవడానికి కూడా ఓపిక లేదు.”

వాళ్లమ్మ లేచి కంచం కడిగింది. “ఈసారన్నా కడుపునిండా తిని పోరా.”

గుంటూరులో నర్సు వేలు గుచ్చి చూసి, “బాగుంది, పడుకోండి,” అంది. అతను పడుకోలేదు. “గుడ్ ఫ్రైడే నాడు మా ఊరి శిబిరంలో రక్తం తక్కువని ఎందుకు వద్దన్నారు మేడం?”

“అప్పుడు తీసుకుంటే నువ్వు పడిపోయేవాడివి. నీకు చాలినంత లేదని వద్దన్నారు గానీ చెడ్డదని కాదు.”

“ఆ మాట అక్కడే నలుగురూ వినేట్టు అని ఉంటే పోయేదిగా!” అంటూ చెయ్యి చాపాడు.

ఆ రక్తంతో పాప లేచి కూర్చుంది. కానీ అతను మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు ఆగాలి. పాపకు మూడు నాలుగు వారాలకే మళ్లీ కావాలి.

పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు లేకుండానే నమస్కరిస్తున్నాను. అతనికి, అన్నం పెట్టిన తల్లికి, విసుక్కోకుండా చెప్పిన నర్సుకు, సెలవిచ్చిన మిల్లు మేస్త్రీకి. బీపీ ఎక్కువని ఎప్పుడో వెనక్కి పంపితే, ఈ సంగతి విని తర్వాతి విడతకు నరసరావుపేట నుంచి వచ్చిన టీచరమ్మకు. పాపకు పై నెల రక్తమిచ్చేందుకు ఇంకా ఎవరూ దొరకలేదు.