బడిలో మాట్లాడని పిల్ల

తొంభైల మొదట్లో నేను బడిపిల్లల మనస్తత్వం మీద పిహెచ్.డి. చేస్తున్నప్పుడు మేం బుద్వేల్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇంట్లో బాగానే మాట్లాడుతూ బడికొస్తే నోరు విప్పని పిల్లల గురించి నా పరిశోధన. శంషాబాద్‌లో ఒక సర్కారు బడిలో అటువంటి పిల్ల ఉందని తెలిసి బస్సెక్కి పోతుండేదాన్ని. నాలుగో తరగతి. మూగదనుకుని పంతులు ఆమెను పలకరించడమే మానేశాడు. వాళ్ళమ్మ మాత్రం, ఇంట్లో దాని నోరు మూతపడదని చెప్పి నవ్వింది.

మాట్లాడమని అడగకపోవడమే నా పద్ధతి. వరండాలో పక్కన కూర్చుని నేను బొమ్మలు గీస్తే ఆమె రంగులు నింపేది. ఈ ఆటకు కూడా డాక్టరేట్ ఇస్తారా అని ఒక పంతులు అడిగాడు. వానాకాలంలో ఒక మధ్యాహ్నం మేకను గీస్తుంటే చెవి దగ్గర సన్నగా వినిపించింది.

“మేకకు తోక గంత పొడుగుండది టీచర్.”

నేను తల ఎత్తలేదు. చెరిపి, తోక పొట్టిగా గీశాను.

తర్వాత నాతో గుసగుసగా చదివింది. ఇంకొన్నాళ్ళకు పక్క పిల్లతో కూడా. దసరా సెలవులు దాటితే తరగతిలో హాజరు పలుకుతుందని నమ్మాను. సెలవులయ్యాక ఆమె బడికి రాలేదు.

ఇల్లు వెతుక్కుంటూ పోయాను. రాళ్ళు కొట్టేచోట కాలు నుజ్జయి తండ్రి మంచం పట్టాడు. తల్లి కూలికి పోతోంది. పిల్ల చంకలో చంటి తమ్ముడు. బడిలో మాట్లాడిందని చెబితే తల్లి ముఖం వెలిగింది. తనతో చెప్పనే లేదంది. అంతలోనే ముఖం తిప్పుకుంది.

“బడికి తోలుదమనే ఉంది మేడం. నేను పనికి పోతే ఇంట్ల ఎవలుంటరు?”

పిల్లను పలకరించాను. ఒక్క మాట రాలేదు. ఇంట్లో ఆమె అలా మూగబోవడం ఎప్పుడూ చూడలేదంది తల్లి. నన్ను చూస్తే బడి గుర్తొచ్చిందేమో. తమ్ముణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సగంలో ఆగిన పిల్ల పరిశోధనకు పనికిరాదని నా గైడుగా ఉన్న ప్రొఫెసరు అన్నాడు. పద్ధతి ప్రకారం ఆయన మాట నిజమే. అయినా వాదించాను, ఓడిపోయాను. థీసిస్‌లో ఆమె లేదు.

డాక్టరేట్ వచ్చినప్పుడు, కూతురు సాధించిందని మా బాపు చర్చిలో అందరికీ మిఠాయి పంచాడు. నేనొక డబ్బా పట్టుకుని శంషాబాద్ పోయాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. పాతవాళ్ళు మామిడిపల్లి దిక్కు పోయారన్నారు. అటు కూడా పోయి, క్వారీల దగ్గర, గుడిసెల దగ్గర అడిగాను. ఎవరికీ తెలియలేదు. పొద్దు వాలేదాకా తిరిగి, ఇగ దొరకదని అర్థమై ఇంటికొచ్చాను.