పన్నెండు లక్షల ముప్ఫై నాలుగు వేల ఐదు వందల అరవై ఏడు

మొన్న నా మనవరాలు ఫోను చేతపట్టుకుని, ఏదైనా పెద్ద సంఖ్య చెప్పవ్వా, దేనితో భాగమవుతుందో క్షణంలో చెప్పేస్తానన్నప్పుడు, ఆలోచించకుండానే నా నోట 1234567 వచ్చేసింది. ఆ సంఖ్య మా ఇంట్లో ఒక దసరా సెలవులంతా చుట్టంలా తిష్ఠ వేసిందని పాపం ఆ పిల్లకేం తెలుసు.

అప్పుడు నేను కేజీఎఫ్‌లో ఎస్సెస్సెల్సీ చదువుతున్నాను. మా నాయన అక్కడి బంగారు గనిలో దిగి డ్రిల్లు పట్టే మనిషి, చదివింది నాలుగో తరగతి. సైకిలు మీంచి పడి కాలికి పిండికట్టుతో, గనివాళ్ళ వరస ఇళ్ళలో ఒకటైన మా లైనింట్లో మంచాన పడి, ఏమీ తోచక అమ్మను సతాయిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మా లెక్కల టీచరమ్మ ఆ సంఖ్యను బోర్డు మీద రాసి, ఒకటీ, అదీ కాక శేషం లేకుండా దాన్ని భాగించే సంఖ్య ఉందేమో వెతికి రమ్మన్నది. పరీక్షలవగానే నన్ను బేతమంగళలో అమ్మమ్మ దగ్గర పట్టుపురుగుల పనికి పంపాలని అమ్మ అప్పటికే నిశ్చయించుకుంది. ఇది సాధిస్తే కోలారు కాలేజీ మాట ధైర్యంగా ఎత్తవచ్చని నా ఆశ.

రెండూ ఐదూ కావని చూడగానే తెలిసింది. అంకెలు కూడితే ఇరవై ఎనిమిది, కాబట్టి మూడూ కాదు. ఏడు, పదకొండు, పదమూడు అంటూ పాత క్యాలెండరు కాగితాల వెనక భాగాహారాలు చేస్తూ పోతుంటే, మూడో రోజు నాయన నా చేతిలో పెన్సిలు లాక్కున్నాడు. మూడుతో పోనిది తొమ్మిదితోనూ పోదని చెబితే, “అట్లయితే మూడును గడప తొక్కనీకుంటే తొమ్మిదీ రాదన్నమాట!” అని పడీపడీ నవ్వినాడు. ముద్ద చల్లారుతున్నా ఇద్దరం లేవకపోతే అమ్మ, “కాలు విరిగింది నీకు, తల తిరిగేది నాకు” అని గొణిగేది.

నూట పదమూడుతోనూ శేషం మిగిలేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆ తరువాత పదమూడు సంఖ్యలూ ముందే కాదనుకున్నవాటి గుణిజాలే, చూడనవసరం లేనివే, ఇక దీన్ని భాగించేది లేదు, వదిలేద్దామన్నాను.

“పదమూడు అడుగులు ఉత్త రాయి వచ్చినాదని యాడైనా డ్రిల్లు ఆపినామా? ఇంగ తరువాత ఏముండాదమ్మా?”

“నూట ఇరవై ఏడు, నాయనా.”

తనే మొదలుపెట్టాడు. తొమ్మిది, ఏడు, రెండు. పన్నెండు మిగిలింది. చివరి ఏడును కిందికి దించగానే అచ్చంగా నూట ఇరవై ఏడే నిలిచింది! నాయన పక్కన ఒకటి వేసి, కింద గుండ్రంగా సున్నా చుట్టాడు. తరువాత నాయన ఒంటికాలి మీద గెంతుకుంటూ వాకిట్లోకి పోయి, “పోయినాది! ఏమీ మిగల్లేదు!” అని కేకలు పెడితే, ఏం పోయిందో ఏమోనని లైనంతా పరుగెత్తుకొచ్చింది.

కనుక్కున్నది మా నాయన అని బడిలో నిజమే చెప్పాను. టీచరమ్మ ఆ సాయంత్రమే ఇంటికొచ్చి ఆయనకు నమస్కారం పెడితే, ఆయన సిగ్గుతో దుప్పటి సర్దుకుంటూ, “నేను నాలుగుతో నిలిచిపోయినాను, దీన్ని నిలపను” అని అమ్మ వైపు చూశాడు. అమ్మ టీచరమ్మకు కాఫీ పెట్టడానికి లేచింది. అంతే, నేను కోలారు బస్సెక్కాను, ముప్ఫై ఏళ్ళు లెక్కల పాఠాలు చెప్పాను.

ఇప్పుడు గనులు మూతబడ్డాయి, నాయన లేడు, ఆ లైనులో సగం ఇళ్ళకు తాళాలే. ఈనాటి పిల్లలు మాకంటే ఎంతో చురుకైనవాళ్ళు, ఆ మాట సంతోషంగానే ఒప్పుకుంటాను. కానీ చివర సున్నా వచ్చిందని వీధిలోకి గెంతే ఇల్లు, ఎందుకో తెలియకపోయినా కలిసి సంబరపడే ఇరుగుపొరుగు మళ్ళీ నాకెక్కడా కనబడలేదు.