స్వోర్డ్స్‌లో అమ్మమ్మ పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు... ఐర్లండ్‌లో, డబ్లిన్ ఊరి నడిబొడ్డున బస్సు మారి, శివారు పట్నం స్వోర్డ్స్ వెళ్ళే బస్సు పై అంతస్తులో, ఒడిలో కుంకుమ భరిణె పెట్టుకుని కూర్చుంది మా అమ్మమ్మ. పక్కన నేను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అది శ్రావణమాసమే. అద్దాల మీద సన్నని వాన సరే గానీ, లోపల అందరికీ స్వెట్టర్లు...

మాంద్యం నడుస్తున్న రోజులవి. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే కెనడాకో ఆస్ట్రేలియాకో సర్దుకుంటున్నారు. 'ఉద్యోగం పోయింది' అన్న మాటను మనవాళ్ళు పాడు రోగం పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పేవారు.

ఇద్దరు కూతుళ్ళనూ ఒకచోట చూసుకోవాలని గుంటూరు నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది అమ్మమ్మ. పెద్ద కూతురు మా అమ్మ, డబ్లిన్‌కి పడమట లీక్స్‌లిప్‌లో. చిన్న కూతురు సుధ పిన్ని, స్వోర్డ్స్‌లో. తిరుగు ప్రయాణం దగ్గర పడుతున్నా పిన్ని ముఖం చూపించలేదు. 'వచ్చే వారం వస్తామమ్మా' అని ఫోన్లోనే దాటేసేది. మేమే వస్తామంటే ఇల్లు మారుతున్నామనేది. బాబాయి ఉద్యోగం పోయిందనీ, అద్దె ఇల్లు వదిలేసి మరో కుటుంబంతో కలిసి ఉంటున్నారనీ ఎవరో చెబితే తెలిసింది.

"వ్రతానికి రమ్మని ఇంకోసారి ఫోన్ చేద్దాం లేమ్మా" అంది అమ్మ.

"ఫోన్ చేస్తే పదిసార్లు రానంటది. గడప తొక్కి బొట్టు పెట్టి పిలిస్తే ఎట్టా రానంటదో చూస్తా" అంది అమ్మమ్మ.

బొట్టు పెట్టి పిలిచిన పేరంటాన్ని కాదనకూడదు... అది ఆమె నమ్ముకున్న నియమం. కానీ ఆ సంప్రదాయంలోనే మరో నియమం ఉంది. భర్త పోయిన స్త్రీ ఎవరికీ బొట్టు పెట్టకూడదు. తాతయ్య పోయి అప్పటికే చాలా కాలమైంది. అందుకే నన్ను వెంటబెట్టుకుంది... తన తరఫున బొట్టు పెట్టడానికి ఓ ఆడపిల్ల కావాలి కనుక.

తలుపు తీసిన పిన్ని అలాగే నిలబడిపోయింది. వెనక వంటగదిలో, పనిదినాన మిట్టమధ్యాహ్నం, లుంగీతో గరిటె పట్టుకున్న బాబాయి మమ్మల్ని చూసి గదిలోకి తప్పుకున్నాడు. అమ్మమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ఎట్టా చిక్కిపోయావే సుధా... శుక్రవారం మీ అక్క ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి రా. బుజ్జీ, మీ పిన్నికి బొట్టు పెట్టవే."

నేను కుంకుమలో వేలు అద్దాను. పిన్ని అడుగు వెనక్కి వేసింది.

"నేను రానమ్మా. మీ ఆయన ఇప్పుడెక్కడ చేస్తున్నాడని అందరూ అడుగుతారు."

"అడగనీ. ఉద్యోగం పోతే మనిషి పోయినట్టా?"

"నాకు బానే చెప్తున్నావు. మరి బొట్టు పెట్టడానికి దీన్నెందుకు తెచ్చావు? నువ్వే పెట్టు."

"నేను పెట్టకూడదే. తెలీదా నీకు?"

"ఎవరన్నారు?"

"నలుగురూ అంటారు."

"మమ్మల్ని అనేదీ ఆ నలుగురేనమ్మా. వాళ్ళకి జడిసి నువ్వు చెయ్యి దాచుకోవచ్చు గానీ, నేను మొహం దాచుకోకూడదా?"

ఆ తర్వాత కళాశాల చర్చావేదికల మీద ఎందరి ఖండనలో విన్నాను... ఇంత సూటిది వినలేదు.

 ఇద్దరి నడుమా ఎర్రని వేలు చాచుకుని నేను... చెయ్యి లాగుతోంది. మా ఐరిష్ బడి పిల్లల యాసలో, చివర 'లైక్' తగిలించి అనేశాను: "పిన్నీ, ఇట్స్ ఓన్లీ ఎ బొట్టు, లైక్."

పిన్ని ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

అమ్మమ్మ కొంగుతో నా వేలు తుడిచింది. తన వేలు కుంకుమలో అద్దుకుంది. కుంకుమ కాస్త పిన్ని ముక్కు మీద రాలింది, అయినా బొట్టు పడింది.

"ఇప్పుడు చెప్పు, ఎట్టా రావో."

వచ్చింది. బాబాయితో సహా వచ్చింది. పేరంటంలో ఒక ఆంటీ, "అమ్మగారే బొట్టు పెట్టారటగా..." అని సాగదీసింది. "అవునాంటీ, మీకూ పెట్టమంటారా?" అంది పిన్ని. హాల్లో ఎవరో అడిగితే బాబాయి, "ఉద్యోగం పోయిందండీ, వెతుక్కుంటున్నా" అని అందరికీ వినబడేలా చెప్పాడు.  అంతలో, రోజూ టై కట్టుకుని బయల్దేరే మా పక్కింటి అంకుల్ అన్నారు: "నాదీ పోయిందయ్యా..."

సంప్రదాయం నిలవాలంటే నియమాన్ని తాకకూడదని నాతో వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు నా సమాధానం ఒకటే. ఆ రోజు అమ్మమ్మ రెండు నియమాలనూ పాటించి ఉంటే, చిన్న కూతుర్ని పేరంటంలో చూసుకోకుండానే విమానం ఎక్కేది. ఒకటి తెంచింది గనుకే ఇంకోటి బతికింది.

ఇప్పుడు పిలుపులన్నీ ఫోన్‌కే వస్తున్నాయి... పూల బొమ్మ వేసి, 'అందరూ ఆహ్వానితులే' అని. రానివాళ్ళు ఎందుకు రాలేదో కనుక్కోవడానికి రెండు బస్సులు మారేవాళ్ళు ఎందరున్నారు?

మీ ఇంట్లో ఎవరు, ఎవరి కోసం, ఏ 'కూడదు'ను తోసేశారో రాయండి. అలా తోసెయ్యడం తప్పనేవాళ్ళూ రండి... వాదించుకుందాం.