ఎర్రక్షరాల మాస్టారు

మాస్టారు నలుగురి ముందు కంప్యూటరు ముట్టుకున్నారంటే తప్పు చేసి తీరతారు. వేదిక ఎక్కి, గోడంత తెర మీద అందరికీ కనబడేలా ఒక కమాండ్ టైపు చేసి, ఎంటర్ నొక్కారో లేదో, తెర నిండా ఎర్రక్షరాలు ప్రత్యక్షమవుతాయి. "అరెరే! ఇదేం చోద్యం!" అంటూ ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటారు. తర్వాత గదిలో ఉన్నవాళ్ళకేసి తిరిగి, తప్పంతా వాళ్ళందరిదీ అయినట్టు, "ఇప్పుడేం చేద్దామంటారు?" అని అడుగుతారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తెలుసేమో గాని, తక్కిన అందరికీ ఆయన ఎర్రక్షరాల మాస్టారే.

విచిత్రమేమిటంటే, ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన వేళ్ళు కీబోర్డు మీద గుర్రాల్లా పరిగెడతాయి. తలుపు సందులోంచి ఆయన సహాయకురాలు చాలాసార్లు చూసింది. ఎర్రక్షరం మచ్చుకైనా ఉండదు. పాపం, పెద్దాయనకి జనాన్ని చూస్తే కంగారు కాబోలనుకుని ఆ అమ్మాయి తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆయన పనిచేసే సంస్థలో పరిశోధకులకి శిక్షణ తరగతులు జరుగుతుంటాయి. ప్రాణుల జన్యువులన్నీ నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడవాటి రాతలు. ఆ రాతల్ని కంప్యూటర్లో పక్కపక్కన పేర్చి, తేడాలు చూసి, ఏ ప్రాణి ఏ ప్రాణికి ఎంత దగ్గర చుట్టమో తేల్చి వంశవృక్షం గియ్యడం అక్కడ నేర్పే విద్య. "ఇదేదో బ్రహ్మవిద్య అని బెదిరిపోకండి," అంటారు మాస్టారు మొదటిరోజు. "పెళ్ళింట్లో మూల కూర్చున్న బామ్మగారు చేసే పనే. వీడు వాడికి మేనత్త కొడుకా, పెత్తల్లి కొడుకా అని కూపీ లాగడం. బామ్మగారు మనుషులకి చేస్తుంది, మనం కప్పలకి చేస్తాం."

వచ్చేవాళ్ళు కూడా సామాన్యులు కారు. నడుంలోతు బురదలో దిగి పీతల్ని పట్టినవాళ్ళు, చెట్ల కొమ్మలకి వేలాడి చీమల్ని ఏరినవాళ్ళు. అలాంటి మొనగాళ్ళు కంప్యూటరు ముందు కూర్చోగానే పరీక్ష హాల్లో పిల్లల్లా అయిపోతారు. పక్కవాడు చూస్తాడేమోనని తెరకి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. తప్పొస్తే చప్పుడు చెయ్యకుండా తుడిచేసి, మళ్ళీ అదే తప్పు చేసి, మళ్ళీ తుడిచేస్తారు.

వాళ్ళు అలా కుస్తీ పడుతుంటే మాస్టారు మాత్రం టీ కప్పు పట్టుకుని బెంచీల మధ్య షికారు తిరుగుతుంటారు. ఆ టీ ఆయన తాగిన పాపాన పోలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరికి కప్పు మోసుకెళ్ళి, చల్లారిన టీని కిటికీ గట్టు మీద పెట్టేసి, నేరుగా వేదిక ఎక్కి ఓ తప్పు చేస్తారు. "టీ తాగి ఎక్కితే చెయ్యి కుదురుగా ఉంటుంది కదా మాస్టారూ," అని సహాయకురాలు ఎన్నోసార్లు మొత్తుకుంది. "వేడి పడదమ్మాయ్," అనేవారాయన.

ఒకసారి ఏకంగా గబ్బిలాలతోనే చుట్టరికం కలిపేసుకున్నారు. మాస్టారిది గబ్బిలాల పరిశోధన. ఆయన గీసిన వంశవృక్షంలో ఒక గబ్బిలం తన జాతివాళ్ళందరినీ వదిలేసి, వెళ్ళి పోలిక కోసం పెట్టిన మనిషి పక్కన కూర్చుంది. "అరెరే! ఇదేం చోద్యం! ఇది నాకు తమ్ముడయిందే!" గది గొల్లుమంది. తీరా ఆరా తీస్తే, నమూనా గొట్టంలో గబ్బిలం రక్తం కంటే పట్టుకున్నవాడి చేతి చర్మం ఎక్కువ పడిందట. కంప్యూటరు చదివింది మాస్టారి జన్యువుల్నే. అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వెనకెక్కడో కూర్చున్న, కప్పల మీద పనిచేసే కుర్రాడు అందరికంటే గట్టిగా నవ్వి, గబగబా తన కప్పల జాబితాలోంచి ఒక పేరు కొట్టేశాడు. సహాయకురాలు ఆ రోజు దాన్ని పట్టించుకోలేదు.

తను ఉద్యోగంలో చేరిన రోజు కూడా ఆమెకి బాగా గుర్తు. కంగారులో మంచినీళ్ళ గ్లాసు కీబోర్డు మీద ఒలకబోసింది. గుడ్డ కోసం అటూ ఇటూ చూసింది. అంతలో పక్క బల్ల దగ్గర మాస్టారి టీ కప్పు భళ్ళున బోర్లాపడి ఆయన చొక్కా, కాగితాలు, ఇంకో కీబోర్డు తడిసి ముద్దయ్యాయి. అందరూ ఆయన మీదికి పరిగెత్తారు. ఆమె నీళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇంత చేతకాని మనిషి కింద పని చెయ్యాలా అనుకుంది ఆమె, గుడ్డతో నేల తుడుస్తూ.

తర్వాత ఆ చేతకాని మనిషంటేనే ఆమెకి ప్రాణం అయింది. అందుకే డైరెక్టరుగారు పిలిచి చెప్పిన మాటకి గుండెల్లో రాయి పడినట్టయింది.

"చూడమ్మా, మాస్టారంటే నాకూ గౌరవమే. నేనూ ఒకప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ణే. కానీ నేర్పేవాడికే రాకపోతే ఎలా? వీడియోలు తయారు చేయిద్దాం. వాటిలో ఒక్క తప్పూ ఉండదు. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని చూసుకుంటారు."

"ఒక్క అవకాశం ఇవ్వండి సర్."

"సరే. రేపు నేనే వచ్చి వెనక కూర్చుంటా. ఎర్రక్షరం కనబడకపోతే సరి. కనబడిందా, ఇదే ఆయన ఆఖరి తరగతి."

ఆమె ఉరుకులు పరుగుల మీద మాస్టారి గదికి వెళ్ళింది. రేపు వెయ్యాల్సిన కమాండ్లన్నీ తనే రాసి, సరిచూసి, ఒక ఫైల్లో వరసగా పెట్టింది. "మీరేమీ టైపు చెయ్యొద్దు. ఎంటర్ నొక్కండి చాలు. రేపొక్క రోజు తప్పు చెయ్యనని మాటివ్వండి మాస్టారూ. మీరు లేకపోతే నేనిక్కడ ఉండలేను."

మాస్టారు ఆ ఫైలు కిందిదాకా చూశారు. "అలాగేలే అమ్మాయ్," అన్నారు. ఆ గొంతులో ఉత్సాహం లేకపోవడం ఆమె గమనించింది గాని, భయం కాబోలనుకుంది.

మర్నాడు డైరెక్టరుగారు వెనక బెంచీలో కూర్చున్నారు. మాస్టారు వేదిక ఎక్కి ఎంటర్ నొక్కుతూ పోయారు. ఎర్రక్షరం కాదు కదా, చిన్న చుక్క కూడా గాడి తప్పలేదు. గబ్బిలాలు బుద్ధిగా తమ కొమ్మల మీద తాము వాలాయి. డైరెక్టరుగారు మెచ్చుకోలుగా తలూపారు. సహాయకురాలికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

కానీ గది మాత్రం ఎప్పటిలా లేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. తలలన్నీ తెరల మీదికి వంగిపోయి ఉన్నాయి. డైరెక్టరుగారికి అది క్రమశిక్షణలా కనిపించి ఉంటుంది. సహాయకురాలికి మాత్రం ఎందుకో ఊపిరాడలేదు.

ఆ బృందంలో పీతల మేడమ్ అని ఒకావిడ ఉంది. మాస్టారి కంటే కొంచెం చిన్న. ఆవిడ తిరగని ఉప్పునీటి కయ్య లేదు, గిల్లించుకోని పీత లేదు. ఆ పీతల జన్యువుల రాతలతోనే తరగతికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఒక్క ప్రశ్న వేసిన పాపాన పోలేదు. "నా వయసువాళ్ళు అడిగితే నవ్వుతారు," అని మొదటిరోజే సహాయకురాలితో అంది.

మాస్టారు కప్పు పట్టుకుని షికారు మొదలుపెట్టారు. పీతల మేడమ్ వెనకకి వచ్చేసరికి నడక నెమ్మదించింది. ఆవిడ చటుక్కున తెర కిందికి వంచేసి, చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుని కళ్ళజోడు పెట్టె అందులో వేసుకుంది. లేచి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉంది. మాస్టారు షికారు ఆపేశారు. కప్పు కిటికీ గట్టు మీద పెట్టారు. వెనక డైరెక్టరుగారి పక్కన నిలబడ్డ సహాయకురాలి వైపు ఒక్కసారి చూశారు. బజారు నుంచి చెప్పింది తేవడం మర్చిపోయి ఇంటికొచ్చిన మనిషి చూపులా ఉంది అది.

"పొద్దుట చేసినదానికి చిన్న సవరణ," అంటూ వేదిక ఎక్కారు. "పనికిరాని రాతలు ఏరేసి, మంచివి దాచుకుందాం." ఆమె రాసిచ్చిన ఫైలు మూసేసి, సొంతంగా టైపు చెయ్యడం మొదలుపెట్టారు.

దాచుకోవడానికి ఒక పద్ధతుంది. బాణం గుర్తు పెట్టి, పక్కన కొత్త ఫైలు పేరు రాయాలి. పొరపాటున పాత ఫైలు పేరే రాశారో, కంప్యూటరు ముందు ఆ ఫైలుని ఊడ్చి తుడిచేసి, ఆ తర్వాత తీరిగ్గా చదవడానికి ఏముందా అని వెతుక్కుంటుంది. మాస్టారి వేళ్ళు బాణం గుర్తు దాటి, పాత పేరే రాస్తున్నాయి. అందులో ఉన్నవి ఆయన గుహలన్నీ పాకి తెచ్చుకున్న గబ్బిలాలు. "వద్దు వద్దు" అని సహాయకురాలు చెయ్యెత్తింది. ఆయన ఎంటర్ నొక్కారు. ఫైలు తెరిచారు. ఖాళీ. వంశవృక్షం గియ్యమన్నారు. తెర నిండా ఎర్రక్షరాలు.

"అరెరే! ఇదేం చోద్యం! నా గబ్బిలాలన్నీ ఎగిరిపోయాయి!"

గది ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు నవ్వింది. సహాయకురాలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతా అయిపోయింది అనుకుని తల తిప్పుకుంది. అప్పుడు కనబడింది, మెల్లగా పైకి లేస్తున్న పీతల మేడమ్ తెర. అందులోనూ ఖాళీ ఫైలు. కింద అచ్చు అవే ఎర్రక్షరాలు.

"ఇప్పుడేం చేద్దామంటారు?" మాస్టారు అడిగారు.

"మొదటిరోజు నకలు తీయించి పక్కన పెట్టించారుగా మాస్టారూ! దానికి 'ముట్టుకోకు' అని పేరు కూడా పెట్టించారు!" ముందు బెంచీలోంచి ఎవరో అరిచారు.

"పెట్టించానా? నా మతిమరుపు మండ! బతికించావయ్యా." ఆయన ఒక్కొక్క మెట్టే, పైకి చదువుతూ, నత్తనడకన చేసుకుంటూ పోయారు. పీతల మేడమ్ చెయ్యి సంచీ మీంచి కీబోర్డు మీదికి వచ్చింది. ఆవిడ తెర మీద పీతలు వరసగా వెనక్కి రాసాగాయి.

"మాస్టారూ," అందావిడ, అన్నాళ్ళకి మొదటిసారి. "బాణం గుర్తు తర్వాత ఏం రాయాలో ఇంకోసారి చెప్పరూ?"

"నాకూ అక్కడే తికమకండీ. ఇద్దరం కలిసి చూద్దాం రండి."

సహాయకురాలు గోడకి ఆనుకుంది. కప్పల కుర్రాడి నవ్వు గుర్తొచ్చింది. బోర్లాపడిన టీ కప్పు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన్ని తప్పుల నుంచి కాపాడాలని చూసిన తన తెలివికి తనకే సిగ్గేసింది, వెంటనే నవ్వూ వచ్చింది.

తరగతి అయ్యాక డైరెక్టరుగారు పిలిచారు. ఎలా చెప్పాలి? నిజం చెబితే పీతల మేడమ్ గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే మాస్టారు పోతారు.

"సర్, ఇవాళ..."

"ఏం చెప్పకమ్మా. వెనక బెంచీలోంచి అందరి తెరలూ కనబడతాయి." ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "నేను శిక్షణకొచ్చినప్పుడు పట్టికలో నా జన్యువుల పేర్లు కొన్ని తారీకులైపోయాయి. నెలల పేర్లలా కనబడితే చాలు, ఆ పట్టికల సాఫ్ట్‌వేరు అతితెలివికి పోయి తారీకులు చేసేస్తుంది. పరువు పోయిందని పారిపోదామనుకున్నా. మధ్యాహ్నం చూస్తే మాస్టారి పట్టికలోనూ తారీకులే. అమ్మయ్య, పెద్దాయనకీ రాదన్నమాట అనుకుని ఉండిపోయా. ఇన్నేళ్ళూ ఆ కథ చెప్పి అందరినీ నవ్వించా కూడా."

"మరి వీడియోలు సర్?"

"వీడియో నా తెరలోకి తొంగి చూస్తుందా ఏమిటి? మాస్టార్ని ఉండనీ. ఈసారి నుంచి సగం తరగతులు నువ్వు చెప్పు. ఆయన దగ్గర నేర్చుకో." ఏం నేర్చుకోవాలో ఆయన చెప్పలేదు.

ఆమె పరుగున వెళ్ళి మాస్టారి ముందు నిలబడింది. "నిజం చెప్పండి. ఇన్నేళ్ళూ కావాలనే చేశారు కదూ?"

"ఏమిటి, తప్పులా? భలేదానివే. చూపు ఆనదమ్మాయ్."

"నేను చేరిన రోజు టీ ఒలికిందెందుకు?"

"చెయ్యి వణికింది. వయసు."

"ఇప్పుడు వణకట్లేదేం?"

"మందులు వాడుతున్నాను," అని మాస్టారు చాలా సీరియస్‌గా చెప్పి, చల్లారిన టీ కప్పు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

తర్వాతి బృందానికి ఆమే మొదటి తరగతి చెప్పింది. మాస్టారు వెనక బెంచీలో, కొత్తవాళ్ళ మధ్య ఒక కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఆమె రాత్రంతా సాధన చేసి వచ్చింది. వేదిక ఎక్కి, కమాండ్ టైపు చేసి, ఎంటర్ నొక్కింది. తెర నిండా ఎర్రక్షరాలు. అది నటన కాదు. ఫైలు ఒక చోట ఉంటే తను ఇంకో చోట వెతుకుతోంది. ఆ సంగతి కూడా ఆమెకి తోచలేదు. కొత్త మొహాలన్నీ తననే చూస్తున్నాయి. నోరెండిపోయింది.

"అమ్మయ్య!" వెనక నుంచి మాస్టారి గొంతు వినబడింది. "నాకూ అదే వచ్చిందమ్మాయ్! నా ఒక్కడికేనేమోనని నోరెత్తకుండా కూర్చున్నా."

గదంతా నవ్వింది. "నాక్కూడా," అంది ఇంకెవరో. ఆమెకి నోట్లో తడి ఊరింది. కళ్ళజోడు లేదు గాని ఉన్నట్టే నుదురు సవరించుకుని, "అయితే ఇప్పుడేం చేద్దామంటారు?" అంది.

విరామంలో ఆమె టీ కప్పు పట్టుకుని బెంచీల మధ్య తిరుగుతూ వెనక దాకా వెళ్ళింది. మాస్టారి ముందున్న కంప్యూటరు ఇంకా ఆన్ చెయ్యనే లేదు.