రంగమ్మ నోరు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. రంగమ్మ నోరు ఎవర్నీ ఏమీ అనలేదు. చెడ్డదల్లా ఊరే.

ఆమె అసలు పేరు మా ఖిన్. బర్మా మనిషి. రంగూన్ బియ్యం మిల్లులో బస్తాలు మోయడానికి వెళ్ళిన అప్పన్న అక్కడే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. నలభై రెండులో జపాను బాంబులు పడితే ఇద్దరూ అడవులూ కొండలూ నడిచి, ముక్తేశ్వరం దగ్గర కాలవగట్టు మీద అప్పన్న పుట్టిన పేటకు చేరారు. రంగూన్‌ని ఊళ్ళో రంగం అనేవారు, రంగం నుంచి వచ్చింది గనక రంగమ్మ అన్నారు. పేరు అడిగే ఓపిక ఎవరికుంది?

ఆమె తెలుగు నేర్చుకుంది. మాట పక్కన మాట పేర్చుకుని, కష్టపడి నేర్చుకుంది. మాటల చివరలు తెగేవి, కొన్ని ముక్కులోంచి వచ్చేవి, అంతే. ఆమె నోరు తెరిస్తే చాలు, నీళ్ళరేవంతా పకపకా నవ్వేది. "మళ్ళీ అనవే రంగమ్మా, ఇంకోసారి అనవే!" ఉప్పు కోసం వెళితే కొట్టువాడు నాలుగుసార్లు అడిగించుకుని, పక్కనున్నవాళ్ళకు వినిపించి, అప్పుడు తూచేవాడు. విసుగెత్తి ఆమె మాట్లాడటం తగ్గించింది. వెంటనే ఊరు "పాపం, మూగది" అని జాలి పడటం మొదలుపెట్టింది. ఆ జాలికి సిగ్గుండాలి.

చుట్టలు చుట్టి పొట్ట పోసుకునేది. ఆ విద్య ఆమెకు తల్లి దగ్గర వచ్చింది. లంక పొగాకు ఈనె తీసి, తడిపి, చెక్కపలక మీద చుట్టేది. ఆమె చుట్ట మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున కాలేది, మధ్యలో ఆరేది కాదు. కరణం సుందరరావుగారికి ఆ చుట్ట లేనిదే తెల్లవారదు.

నలభై తొమ్మిదిలో అప్పన్న జ్వరంతో పోయాడు. మిగిలింది తాటాకిల్లు, అయిదు సెంట్ల దొడ్డి, ఆరు కొబ్బరిచెట్లు. రెండేళ్ళు పోయాక అప్పన్న తమ్ముడు మంగరాజుకు వాటి మీద కన్నుపడింది. ఆవిడ మా అన్న పెళ్ళామే కాదు, ఉంచుకున్న మనిషి అని అర్జీ పెట్టాడు. ఆ ఇల్లు పోతే రంగమ్మకు నిలవడానికి చోటు లేదు. బర్మాలో తనవాళ్ళు ఎవరు బతికున్నారో కూడా ఆమెకు తెలియదు.

విచారణకు తాసిల్దారుగారు వచ్చి కరణంగారి అరుగు మీద కూర్చున్నారు. మద్రాసు రాజ్యం రోజులు. ఆయనది తంజావూరు వైపు. తెలుగు వచ్చీరాదు.

"నీ పురుషన్ పేరు ఏమి? ఎప్పో చచ్చిపోయినాడు?"

అరుగంతా భక్తిగా తలలూపింది. ఒక్క పన్ను బయటపడలేదు. "తమరి నోట మా తెలుగు ఎంత ముద్దొస్తుందోనండీ" అన్నారు కరణంగారు, కాలే చుట్టను వీపు వెనక దాచుకుని. రంగమ్మ తెల్లబోయి చూసింది. ఈయనకూ తనలాగే రాదే, మరి ఎవరూ నవ్వరేం? కోటు తొడుక్కున్నవాడి తప్పుకు నవ్వు రాదని అప్పుడు తెలిసింది.

"ఇల్లు నాది. అప్పన్న నా మొగుడు. జొరంతో పోయేడు" అంది గట్టిగా.

"ఏమంటున్నది?" అన్నారు తాసిల్దారుగారు.

"నాకు రంగం భాష వచ్చండీ, నేను చెబుతానండీ" అని మంగరాజు ముందుకొచ్చాడు. రంగూన్ రేవులో ఆరు నెలలుండి నాలుగు బూతులు నేర్చుకొచ్చిన ఘనుడు. తెలుగును తెలుగులోకి మార్చడానికి ఒక దుబాసీ! అదీ ఎవరు? ఇల్లు కాజేయాలని కూర్చున్నవాడు. దొంగ చేతికి తాళాలంటే ఇదే. "ఇల్లు వద్దంటందండీ. వాళ్ళ దేశం పంపించెయ్యమంటందండీ."

"అబద్దం! అప్పన్న నా మొగుడు!"

"చూసేరాండీ? తాళి కట్టించుకున్న ఆడది మొగుడి పేరు అలా నోటితో అంటుందాండీ?"

పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. గుమాస్తా అది కూడా రాసుకున్నాడు.

సాక్ష్యానికి పక్కింటి అచ్చాయమ్మ వచ్చింది. "ఈమె మొగుడు పోయిన పదో రోజున గాజులు పగలగొట్టింది నేనేనండీ. రాయి తెచ్చిచ్చింది ఈ మంగరాజేనండీ. పెళ్ళాం కానిదానికి గాజులెందుకు తీయించేడో అడగండి బాబూ."

మంగరాజు మెల్లిగా గుమాస్తా వెనక్కి జరిగాడు.

"ఎవరు పోతే పగలగొట్టావు? పేరు చెప్పు" అన్నాడు గుమాస్తా.

"ఆయనేనండీ. ఈమె ఆయన."

"పేరు!"

అచ్చాయమ్మ తన మొగుడి వైపు చూసింది. ఆమె మొగుడి పేరూ అప్పన్నే. ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఆ పేరు ఆమె నోట రాలేదు. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నా "కొండ మీది సామీ" అనే మొక్కేది. మొగుడు ఎదురుగానే కూర్చుని గుడ్లురుముతున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి తెలుగు తప్ప ఎరగని మనిషి ఒక్క తెలుగు పేరు చెప్పలేక నీళ్ళు నమిలింది. "సాక్షి పేరు ఎరగదు" అని రాయడానికి గుమాస్తా కలం సిరాలో ముంచాడు.

రంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినా, చెప్పు. నా ఇల్లు."

"అప్పన్నండీ!" అని అరిచింది అచ్చాయమ్మ. "అప్పన్న, అప్పన్న, అప్పన్న! రాసుకోండి!"

ఇల్లు రంగమ్మదేనని ఆ పూటే తేలింది. గుమాస్తా చేత తనే రాయించిన కాగితం కరణంగారు చదివి వినిపించారు. "చనిపోయిన అప్పన్న భార్య రంగమ్మ, మూగ."

"నేను మూగ కాదు. నా పేరు మా ఖిన్" అంది ఆమె.

"రాసింది రాసిందే. ఇల్లు దక్కింది కదే, ఇంకా నోరెందుకు?" అని కరణంగారు కాగితం మడిచేశారు. అచ్చాయమ్మకు ఇంటికెళ్ళాక దెబ్బలు తప్పలేదు. మొగుడి పరువు తీసిందట.

మర్నాడు పొద్దున్నే చుట్టలు అయిపోయి కరణంగారు తనే వచ్చి రంగమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. "ఒక కట్ట ఇయ్యవే" అన్నారు. ఆమె తలెత్తకుండా ఆకు ఈనె తీసుకుంటోంది. మళ్ళీ అడిగారు. మూడోసారి అరిచారు. "వినపడలేదటే? ఉన్నాయో లేవో నోరు విప్పి చెప్పవే!"

దడి అవతల నుంచి, వాచిన చెంపతో అచ్చాయమ్మ అంది:

"ఆవిడ మూగదండీ బాబూ. తమరే రాయించేరు కదండీ, ఆయ్."