అర వేలు కొసరు

పోయిన వారం వింజమూరు నుంచి వచ్చిన ఒకామె మా అంగట్లో గరిటెలు ఏరుకుంటూ, చేతిలో ఉన్నదాన్ని ఇటూ అటూ తిప్పి చూసి ఒక మాట అన్నది. ముందు మీ గరిటెల కాడలు ఒక వేలు ఎక్కువే ఉండేవి, ఇప్పుడు అచ్చంగా కొలిచి కోసినట్టున్నాయి, మీరు కూడా పిసినారులైపోయారా అని. నవ్వుతూనే అన్నది. నేనూ నవ్వి, ఒక చిన్న చెంచా ఆమె సంచిలో ఊరికే పడేసి పంపాను. ఆమె వెళ్ళాక మాత్రం పని చేయబుద్ధి కాలేదు. పీట పక్కన గోడకు తగిలించిన స్టీలు స్కేలు వంక చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ పాటు నేను స్కేలు ముట్టలేదు. అది గోడకెక్కి ఇంకా రెండేళ్ళు కూడా కాలేదు.

ఉదయగిరిలో గరిటెలు చేసే ఇళ్ళలో కొలత అంటే వేళ్ళే. నాలుగు వేళ్ళ గుంట, పన్నెండు వేళ్ళ కాడ, ఇట్లా. మా అమ్మ నాకు రంపం పట్టడం కంటే ముందు నేర్పింది, కొలత పెట్టాక ఒక వేలు వదిలి కోయమని. నర్ది కొయ్య పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది, కొసలు పగులుతాయి. ఆ వదిలిన వేలు దాని పాలు. ఒకవేళ కొయ్య మంచిదై కుంచించుకోకపోతే ఆ వేలు కొన్నవాళ్ళ అదృష్టం, కొసరు కింద పోతుంది. ఇది ఎంత అలవాటైందంటే నేను చపాతీ కర్ర చేసినా, దువ్వెన చేసినా, ఆఖరికి కూరగాయలు తరిగినా చేయి తనంతట తనే కాస్త ఎడంగా పడుతుంది. ఇంకో పట్టింపు కూడా ఉండేది మా అమ్మకు. పగులు ఉన్న గరిటెకు మైనం రుద్దితే కొనేవాళ్ళ కంటికి ఆనదు. అట్లాంటివి ఆమె పొయ్యిలో పెట్టేది. నేనూ పొయ్యిలోనే పెడతాను, పెట్టేటప్పుడు మాత్రం కొయ్యను నాలుగు తిట్లు తిడతాను.

మా తమ్ముడికి ఈ పని అబ్బలేదు. బెంగుళూరు వెళ్ళి ఒక గోల్ఫు మైదానంలో గడ్డి పెంచే పనిలో చేరాడు, ఇరవై ఏళ్ళు అక్కడే చేశాడు. వాడి కొడుకు, అంటే నా మేనల్లుడు, ఆ గడ్డి మీదే పెరిగి ఆ ఆటే నేర్చుకున్నాడు. తమ్ముడు తర్వాత ఆత్మకూరు వచ్చి బస్టాండుకు దగ్గర్లో మొక్కల తోట పెట్టుకున్నాడు. మేనల్లుడు బెంగుళూరులోనే ఉండిపోయి, ఆటనే బతుకుతెరువు చేసుకున్నాడు. ఆత్మకూరులో వాడి గురించి అడిగేవాళ్ళందరూ ఒకటే అడిగేవాళ్ళు, టీవీలో ఎప్పుడొస్తాడని. మా తమ్ముడు విసుగు లేకుండా చెప్పేవాడు, గోల్ఫులో పెద్ద టూరు, చిన్న టూరు అని రెండుంటాయి, మావాడు చిన్నదాంట్లో ఉన్నాడు, పెద్దదాంట్లోకి ఎక్కితే టీవీలో వస్తాడని. నాకైతే ఆ ఆటలో ఎక్కువ దెబ్బలు కొట్టినవాడు ఓడిపోతాడన్న సంగతి ఒంటబట్టడానికే చాన్నాళ్ళు పట్టింది. అంకె ఎంత తక్కువైతే అంత గొప్పట. నా బుద్ధికి అది తలకిందుల లెక్క.

చిన్న టూరులో ఏడాది పొడుగునా ఊరూరా పోటీలు పెడతారు. చివర్లో అన్నిటికంటే పెద్ద పోటీ ఒకటి, నాలుగు రోజులు. అది అయ్యాక ఏడాది పాయింట్లన్నీ కలిపి పట్టిక వేస్తే, మొదటి పది మంది పెద్ద టూరుకు పోతారు, మిగతావాళ్ళు మళ్ళీ మొదట్నుంచి. వాడు అట్లా మళ్ళీ మొదట్నుంచి ఆరేళ్ళు ఆడాడు. ముప్పై రెండు వచ్చాయి, నడుము నొప్పి మొదలైంది. ఎక్కడో కొండల్లో ఒక రిసార్టువాళ్ళు వచ్చేపోయే అతిథులకు కర్ర పట్టుకోవడం నేర్పే ఉద్యోగం ఇస్తామన్నారు. ఈ ఏడు పదిలోకి రాకపోతే ఆట మానేసి ఆ ఉద్యోగంలో చేరతానని వాడే భార్యకు మాటిచ్చాడు. చివరి పోటీకి ముందు పట్టికలో పన్నెండో చోట ఉన్నాడు.

ఆ పోటీకి నెల ముందు వాడు ఉదయగిరి వచ్చి నా పీట పక్కన కూర్చుని ఒక కొయ్య మేకు తీసి చూపించాడు. మొదటి దెబ్బ కొట్టేటప్పుడు బంతిని నేల నుంచి కాస్త ఎత్తులో నిలబెట్టడానికి దాని కింద గుచ్చుతారట. ఇట్లాంటివి ఓ పది మన కొయ్యతో చేసిస్తావా అత్తా, చివరి రోజు వాటితో ఆడతాను అన్నాడు. నాకు ఎక్కడలేని సంబరం కలిగింది. అటక మీద మా అమ్మ నాటి నర్ది తుంట ఒకటి ఉండేది, ఇరవై ఏళ్ళుగా ఎండి రాయిలా అయింది. ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది. వాడికి కాకపోతే ఇంకెవరికి అని దాన్ని దించి కోశాను, ఆకురాయితో నున్నగా రాశాను. వాడిచ్చిన మేకు పక్కన పెట్టుకునే కోశాను. కానీ చేయి ఊరుకుంటుందా, ప్రతిదానికీ అర వేలు కొసరు వదిలింది. ఇరవై ఏళ్ళు ఎండిన కొయ్య ఇంకేం కుంచించుకుంటుందని ఆలోచించే తెలివి నాకు అప్పుడు లేదు.

పోటీ నాలుగో రోజు పొద్దున్నే నేను ఆత్మకూరు వెళ్ళాను. తమ్ముడి ఇంట్లో ఫోను బల్ల మీద నిలబెట్టి అందరం దాని చుట్టూ కూర్చున్నాం. ఆట కనపడదు, అంకెలు మాత్రం మారుతుంటాయి. మూడు రోజులూ బాగా ఆడాడు, ఆ రోజు మామూలుగా ఆడినా పదిలోకి వస్తాడని తమ్ముడు లెక్క కట్టి పెట్టాడు. బంతిని నాలుగు దెబ్బల్లో వేయాల్సిన మొదటి గుంతకు ఆరు అని పడింది. తమ్ముడు ఫోను తప్పు చూపిస్తుందన్నాడు. ఆపి మళ్ళీ పెట్టాడు. ఆరే. తర్వాత వాడు ఒక్కో దెబ్బా తగ్గించుకుంటూ వచ్చాడు, మేం కాఫీలు చల్లారబెట్టుకుంటూ కూర్చున్నాం. అన్నీ అయ్యాక పట్టిక వచ్చింది. పదకొండో చోటు. ఒక్క దెబ్బ తక్కువైతే పదో చోటు. తమ్ముడు లేచి తోటలోకి వెళ్ళి, పొద్దున నీళ్ళు పోసిన మొక్కలకే మళ్ళీ పోస్తూ నిలబడ్డాడు.

రెండు రోజులకు, నేనింకా అక్కడే ఉండగా, మేనల్లుడు వచ్చాడు. మొదటి గుంత దగ్గర ఏమైందని తమ్ముడు అడిగితే, బంతి నీళ్ళలో పడిందని చెప్పి పడుకున్నాడు. నేను వాడి బట్టలు ఉతుకుదామని ప్యాంటు జేబులు తిరగేస్తే రెండు మేకులు దొరికాయి, ఒకటి వాడు నాకు నమూనాకిచ్చి తిరిగి తీసుకున్నది, ఒకటి నేను చేసింది. బట్టలుతికే బండ మీద పక్కపక్కన నిలబెట్టాను. నాది గోరంత పైకి ఉంది. నాకేం నియమాలు తెలుసు గనుక, అయినా ఆ ఆరు దీనివల్లేనేమో అనిపించింది. తడి చేతులతోనే లోపలికి వెళ్ళి రెండూ వాడి ముందు పెట్టాను.

"నీళ్ళలో పడిందంటివే, ఇదేందిరా?"

వాడు లేచి కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. మేకు నాలుగు అంగుళాలు దాటకూడదట. వాడిచ్చిన నమూనాయే సరిగ్గా నాలుగంగుళాలదట. మొదటి దెబ్బ కొట్టి మేకు జేబులో వేసుకుని నడుస్తుంటే వేళ్ళకు రెండూ తగిలి తేడా తెలిసిందట. ఆగి, ఆటను చూసుకునే అధికారిని పిలిచి తనే చూపించాడు. ఆయన కొలిచి రెండు దెబ్బలు శిక్ష వేశాడు.

"ఎవరైనా చూసినారా?" అన్నాను.

"ఎవరూ చూళ్ళేదత్తా."

"మరి నువ్వెందుకురా పిలిచి చెప్పుకున్నావు?"

"పగులుండే గరిటెకు మైనం పూసి నువ్వు అమ్మినావా ఎప్పుడన్నా?"

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ నియమం పెట్టినవాళ్ళ మీద, గోరంత దానికి ఆరేళ్ళ కష్టం తీసుకున్న ఆట మీద, నా చేతి మీద, మా అమ్మ మీద కూడా. అన్నిటికంటే ఎక్కువ వాడి మీద వచ్చింది. ఆట దగ్గర అబద్ధమాడలేక రెండు దెబ్బలు పోగొట్టుకున్నవాడు, నేను బాధపడతానని నా దగ్గర మాత్రం అబద్ధమాడాడు. తిడదామని నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. వాడు లేచి నేను చేసిన మేకు తీసుకుని, ఇది నా దగ్గరే ఉంటుందిలే అత్తా అని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

వాడు మాట ప్రకారం రిసార్టులో చేరాడు. అప్పుడప్పుడు ఫోను చేసి, అతిథులు బంతిని వదిలి గడ్డిని ఎట్లా కొడతారో చెప్పి నవ్విస్తాడు. పెద్ద టూరు మాట మాత్రం ఇద్దరం ఎత్తం. ఆ తర్వాత నేను గోడకు తగిలించుకున్న స్కేలును చూసినప్పుడు, తీసెయ్ అత్తా, నీ గరిటెలు చూస్తే ఎవరివో అనిపిస్తున్నాయి అన్నాడు. తీయలేదు. తీసినా చేయి పాతదారికి పోతుందని నమ్మకం లేదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ముప్పై ఏళ్ళు ఒక వేలు ఎక్కువ కోసి ఇచ్చాను. వాడికి కావలసి వచ్చింది ఇంకొక్క ఏడాది, దాన్ని మాత్రం ఎక్కడా వదిలి కోయలేకపోయాను.